కనబడకపోతే శుభ్రమేనా?
ప్లాస్టిక్కు – ఆరోగ్యం – ఆసుపత్రి ఖర్చు

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి, "సుబేదార్ సాబ్, ఈసారి ప్లాస్టిక్ కాలుష్యం, ప్రజారోగ్యం మీద మీరు మాట్లాడాలి" అన్నారు. నేను ఇంటర్ చదివి భర్తీ అయినవాణ్ణి. డాక్టర్ని కాను, సైంటిస్టుని అంతకంటే కాను. "ఎవరైనా మెడికల్ ఆఫీసర్ గారిని పిలవండి సార్" అన్నాను. ఆయన వదల్లేదు. తర్వాత ఆలోచిస్తే నాకే అనిపించింది – ఈ విషయంలో డాక్టర్ చెప్పాల్సింది డాక్టర్ చెప్తాడు, కానీ తప్పు చేసినవాడు చెప్పాల్సింది కూడా ఒకటి ఉంటుంది కదా అని. ఆ తప్పు చేసినవాణ్ణి నేనే. అందుకే ఒప్పుకున్నాను.

28 ఏళ్ళ సర్వీసులో ఆర్మీ నాకు నేర్పిన వాటిలో మొదటిది పరిశుభ్రత. మీ అందరికీ తెలుసు. పొద్దున ఫాలిన్, ఏరియా సఫాయి. సి.ఓ. సాబ్ ఇన్‌స్పెక్షన్ అంటే చాలు, రాళ్ళకి చూనా, చెట్లకి గేరూ. నేలమీద ఒక్క ఆకు, ఒక్క అగ్గిపుల్ల కనబడకూడదు. కనబడితే సుబేదార్ మేజర్ సాబ్ నోట్లోంచి వచ్చే మాటలు ఇక్కడ పిల్లల ముందు చెప్పలేను. సరే, మరి ఆ చెత్త ఎక్కడికి పోయేది? లైన్ల వెనక ఒక గుంట. అందులో వేసి నిప్పు పెట్టేవాళ్ళం. కంటికి కనబడలేదు కాబట్టి శుభ్రం అయినట్టే.

మా రోజుల్లో మొదట్లో అది పెద్ద తప్పు కూడా కాదు. ఆ గుంటలో ఉండేది కూరగాయ తొక్కలు, కాగితం, గోనె పీలికలు, ఆకులు. 1990లో నేను భర్తీ అయినప్పుడు లంగర్లో పప్పు, బియ్యం గోనె సంచుల్లో వచ్చేవి. టీ మన సొంత మగ్గులో. మెల్లమెల్లగా ఆ గుంటలో సరుకు మారింది. పాల ప్యాకెట్లు, బిస్కెట్ రేపర్లు, నీళ్ళ సీసాలు, నూడుల్స్ కవర్లు, షాంపూ సాచెట్లు. సరుకు మారింది గానీ మన అలవాటు మారలేదు. అదే గుంట, అదే అగ్గిపుల్ల. ఈరోజు నేను చెప్పదల్చుకున్నది మొత్తం ఈ ఒక్క మాటలో ఉంది. కళ్ళముందు నుంచి పోయిన ప్లాస్టిక్కు ఎక్కడికీ పోదు. పొగయి ఊపిరితిత్తుల్లోకి, మురికినీరయి గుమ్మంలోకి, నలుసయి నెత్తుట్లోకి వస్తుంది. కొట్లో మనం కట్టని ధర ఆసుపత్రిలో కడతాం.

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

పెన్షన్ వచ్చాక నేను ఇటువైపే, కంటోన్మెంటు పక్క కాలనీలో చిన్న ఇల్లు కట్టుకున్నాను. చెత్త బండి వారానికి రెండుసార్లు వస్తే గొప్ప. మన అలవాటు పోదుగా, పొద్దున అయిదున్నరకి లేచి చీపురు పట్టుకుని మా గల్లీ మొత్తం ఊడ్చేవాణ్ణి. ఆకులు, పాల ప్యాకెట్లు, చిప్స్ కవర్లు, గుట్కా పొట్లాలు అన్నీ మూలకి కుప్ప చేసి అగ్గిపుల్ల గీసేవాణ్ణి. పది నిమిషాల్లో అంతా సాఫ్. కాలనీ వాళ్ళు "ఫౌజీ సాబ్ గల్లీ చూడండి, అద్దంలా ఉంటుంది" అంటుంటే నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

2022 డిసెంబరులో మా అమ్మాయి రెండో కాన్పుకి మా ఇంటికి వచ్చింది. పెద్ద మనవడికి అప్పుడు మూడేళ్ళు. ఉత్తరాది చలికాలం మీకు తెలిసిందే, పొగ పైకి లేవదు, నేలకి అంటుకునే ఉంటుంది. వచ్చిన మూడో వారానికి పిల్లాడికి రాత్రిపూట దగ్గు, తర్వాత పిల్లికూతలు, ఒకనాడు తెల్లవారుజామున ఊపిరి అందక పెదాలు నీలంగా మారాయి. ఎత్తుకుని పరిగెత్తాం. దగ్గర్లోని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో మూడు రాత్రులు. ఆక్సిజన్, నెబ్యులైజర్, ఇంజెక్షన్లు. బిల్లు 21,400 రూపాయలు. మనవళ్ళకి ఇ.సి.హెచ్.ఎస్. వర్తించదు. అల్లుడు చిన్న ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. జేబులోంచే కట్టాం.

మూడోనాడు పిల్లల డాక్టరమ్మ అడిగింది – "ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా?" లేదన్నాం. "ఇంటి దగ్గర ఎవరైనా చెత్త కాలుస్తారా?" అంది. మా ఆవిడ నా ముఖం వైపు చూసింది. మా అమ్మాయి కూడా చూసింది. నేను మాట్లాడలేదు. ఆ డాక్టరమ్మ నిజాయితీగానే చెప్పింది, "పొగ ఒక్కటే కారణం అని నేను రాసివ్వలేను. చలి ఉంది, వైరస్ ఉంది, పిల్లాడి తత్వం ఉంది. కానీ పొగ మాత్రం మీ చేతిలో ఉంది, అది ఆపండి" అంది.

ఆరోజు నుంచి నేను అగ్గిపెట్టె ముట్టలేదు. ఎందుకు ముట్టకూడదో తెలుసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పటినుంచి చెప్పేది అలా తెలుసుకున్నది.

మొదటి దారి – పొగ.

ఆకు కాలినా పొగే, ప్లాస్టిక్ కాలినా పొగే కదా అనుకుంటాం. కాదు. మనం వీధిలో పెట్టే మంటకి వేడి చాలదు, గాలి చాలదు. ప్లాస్టిక్కు పూర్తిగా కాలదు, సగం కాలుతుంది. అందులోంచి కార్బన్ మోనాక్సైడు, మసి, క్యాన్సర్ తెచ్చే కొన్ని రసాయనాలు వస్తాయి. 2.5 మైక్రాన్ల కంటే సన్నని నలుసులు వస్తాయి, అంటే తల వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు. ముక్కులో వెంట్రుకలు వాటిని ఆపలేవు. నేరుగా ఊపిరితిత్తుల అడుక్కి పోతాయి, అక్కడినుంచి కొన్ని నెత్తుట్లోకి కూడా పోతాయి. ఆయాసం, ఉబ్బసం మాత్రమే కాదు, గుండెపోటుకీ, పక్షవాతానికీ కూడా అవి దారి తీస్తాయి. ఇక పి.వి.సి. – పాత పైపు ముక్కలు, కరెంటు వైర్ల తొడుగులు, ఫ్లెక్సీ బ్యానర్లు – వీటిలో క్లోరిన్ ఉంటుంది. అవి కాలితే డయాక్సిన్లు పుడతాయి. డయాక్సిన్లలో అతి విషమైనదాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ ఖచ్చితంగా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో పెట్టింది. గాలిలోంచి గడ్డి మీద పడి, గడ్డిలోంచి పశువు కొవ్వులోకి, పాలలోకి చేరి, మళ్ళీ మన ఇంటికే వస్తుంది.

ఈ అలవాటు నా ఒక్కడిది అయితే ఇక్కడ నిలబడి చెప్పే పని లేదు. ఇంగ్లాండులోని లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2024లో ఒక అధ్యయనం ప్రకటించారు. 2020 సంవత్సరం లెక్కల ప్రకారం మన దేశంలో అదుపు తప్పి గాల్లోకి, నేలలోకి, నీళ్ళలోకి పోయే ప్లాస్టిక్కు ఏటా 93 లక్షల టన్నులు. ప్రపంచంలో మొదటి స్థానం. అందులో సగానికి పైగా మనం బహిరంగంగా కాల్చేసేదే. కవాతులో మొదటి స్థానం వస్తే ట్రోఫీ పుచ్చుకుంటాం. దీనికి తల దించుకోవాలి.

పెద్ద ఎత్తున కాలితే ఏమవుతుందో 2023 మార్చిలో కొచ్చి నగరం చూసింది. బ్రహ్మపురం అనే చోట నగరం చెత్తంతా పోసే పెద్ద యార్డు ఉంది. మార్చి 2న అంటుకుంది. ప్లాస్టిక్కు గుట్టలు కదా, పైన ఆర్పితే లోపల రగిలేది. పన్నెండు రోజుల దాకా పొగ ఆరలేదు. జనం కిటికీలు మూసుకుని కూర్చున్నారు. బడులకు సెలవులిచ్చారు. ఫైర్ ఇంజన్లు చాలక నేవీ హెలికాప్టర్లు, ఎయిర్ ఫోర్స్ హెలికాప్టర్లు పైనుంచి నీళ్ళు చల్లాయి. ఈ సభలో ఉన్న నేవీ తమ్ముళ్ళకి ఇది గుర్తుండే ఉంటుంది. నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ ఆ నగర కార్పొరేషన్ మీద 100 కోట్ల రూపాయల పరిహారం విధించింది, బాధితుల ఆరోగ్య అవసరాలకు కూడా వాడాలని. ఒక్క చెత్తకుప్ప, 100 కోట్లు! అదే మొత్తం ముందుగా చెత్త వేరు చేయడానికి పెట్టి ఉంటే అంత పొగ వచ్చేది కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

రెండో దారి – నీళ్ళు.

2005 జులై 26న ముంబైలో ఒక్కరోజులో శాంతాక్రజ్ దగ్గర 944 మిల్లీమీటర్ల వాన పడింది. అంత వానని ఏ డ్రైనూ మొయ్యలేదు, నిజమే. కానీ ఉన్న డ్రైన్లు కూడా పని చెయ్యకుండా అడ్డుపడిన వాటిలో ప్లాస్టిక్ సంచులు ముఖ్యమైనవని తేలింది. నీళ్ళు తగ్గాక రెండో యుద్ధం మొదలైంది. ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్, దానితోపాటు డయేరియా, జ్వరాలు. ఆసుపత్రులు నిండిపోయాయి. ఆ తర్వాతే మహారాష్ట్ర ప్రభుత్వం పల్చటి సంచుల మీద గట్టిగా కదిలింది.

మన పొరుగున బంగ్లాదేశ్ మనకంటే ముందే ఈ పాఠం నేర్చుకుంది. 1988, 1998 వరదల్లో ఢాకా డ్రైన్లు పాలిథిన్ సంచులతో మూసుకుపోవడం చూసి, 2002లో పల్చటి పాలిథిన్ సంచుల్ని నిషేధించింది. ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం అదే. కానీ తర్వాత పట్టించుకునేవాళ్ళు తగ్గారు, సంచులు మళ్ళీ వచ్చేశాయి. 2024 అక్టోబరులో సూపర్ మార్కెట్లతో మొదలుపెట్టి మళ్ళీ అమలు చెయ్యాల్సి వచ్చింది. ఆర్డర్ ఇవ్వడం ఒక పని, ఆర్డర్ అమలు చేయించడం ఇంకో పని. ఇది జె.సి.ఓ.లకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇంత పెద్ద వరదే అక్కర్లేదు. పారేసిన టీ కప్పులో చెంచాడు నీళ్ళు చాలు డెంగీ దోమకి. కప్పులో, కొబ్బరి చిప్పలో, సీసా మూతలో, టైరులో గుడ్లు పెడుతుంది. నీళ్ళు ఎండిపోయినా ఆ గుడ్డు నెలల తరబడి బతికి ఉంటుంది, మళ్ళీ వాన పడగానే పొదుగుతుంది. గుడ్డు నుంచి దోమ అవ్వడానికి ఎనిమిది, పది రోజులు చాలు. కొబ్బరి చిప్ప ఎప్పటికైనా మట్టిలో కలుస్తుంది. ప్లాస్టిక్ కప్పు కలవదు, ఏళ్ళ తరబడి దోమకి క్వార్టర్ ఇచ్చినట్టే. అద్దె కూడా అడగదు. ఇక డెంగీ వస్తే ఇంటిల్లిపాదికీ ఎంత ఖర్చో ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామందికి అనుభవమే. రోజూ ప్లేట్‌లెట్ల పరీక్ష, సెలైన్లు, పని మానుకుని పక్కన కూర్చునే మనిషి. బిల్లులో ఆఖరిది ఉండదు, కానీ కూలి చేసుకునేవాడికి అదే పెద్ద ఖర్చు.

మూడో దారి – తిండి, నీళ్ళు, టీ.

ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. వాళ్ళు 2020లో ఒక పరీక్ష చేశారు. పేపర్ కప్పు అని మనం సంతోషంగా తాగే కప్పుంది చూశారూ, దాని లోపల నీళ్ళు కారకుండా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందులో 100 మిల్లీలీటర్ల వేడినీళ్ళు పోసి 15 నిమిషాలు ఉంచితే దాదాపు 25,000 ప్లాస్టిక్ నలుసులు ఆ నీళ్ళలోకి వచ్చాయి. రోజుకి మూడు టీలు తాగేవాడు 75,000 నలుసులు తాగుతున్నట్టే. మనం మూడుతో ఆగుతామా? మన ఊళ్ళకి వెళ్తే ఇంకో దృశ్యం. కర్రీ పాయింట్ దగ్గర పొగలు కక్కే సాంబారు, పప్పు పల్చటి కవర్లో పోసి, రబ్బరు బ్యాండు చుట్టి ఇస్తారు. ఆ వేడికి కవరు మెత్తబడటం చేతికే తెలుస్తుంది. ప్లాస్టిక్కు మెత్తగా, గట్టిగా, రంగుగా ఉండటానికి కలిపే రసాయనాల్లో కొన్ని మన శరీరంలో హార్మోన్ల పనిని చెడగొడతాయి. వేడి, నూనె తగిలితే అవి తిండిలోకి ఇంకా సులువుగా దిగుతాయి.

సీసా నీళ్ళు సురక్షితం అనుకుంటాం. 2024 జనవరిలో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు సీసా నీళ్ళు పరీక్షిస్తే, లీటరుకి సగటున 2,40,000 ప్లాస్టిక్ నలుసులు కనిపించాయి. అందులో ఎక్కువ భాగం మామూలు మైక్రోస్కోపుకి కూడా చిక్కనంత సన్ననివి.

ఈ నలుసులు ఒంట్లో ఏం చేస్తాయి? ఇక్కడ నేను జాగ్రత్తగా చెప్పాలి. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. 2022లో నెదర్లాండ్స్‌లో 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ కనిపించింది. దానికి ముందే ఇటలీలో బాలింతల మావిలో కనిపించింది. 2024 మార్చిలో ఇటలీ వైద్యులే మరో సంగతి ప్రకటించారు. మెడలో మెదడుకి పోయే రక్తనాళంలో పేరుకున్న కొవ్వుని ఆపరేషన్ చేసి తీసినవాళ్ళు 257 మందిని గమనించారు. ఆ కొవ్వులో 150 మందికి ప్లాస్టిక్ ఉంది. తర్వాత మూడేళ్ళ లోపు గమనిస్తే, ప్లాస్టిక్ ఉన్నవాళ్ళకి గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు లేనివాళ్ళకంటే నాలుగున్నర రెట్లు ఎక్కువగా ఉంది. ప్లాస్టిక్ వల్లే అలా జరిగిందని ఆ వైద్యులు కూడా తేల్చి చెప్పలేదు, రెండూ కలిసి కనిపించాయి అన్నారు. కానీ మనం సిపాయిలం. చీకట్లో చప్పుడైతే "శత్రువని రుజువు అయ్యాక చూద్దాం" అని సెంట్రీ పడుకోడు కదా! ముందు అలర్ట్ అవుతాడు.

ఇప్పుడు డబ్బు సంగతి.

ప్రపంచంలో 1950లో తయారైన ప్లాస్టిక్కు 20 లక్షల టన్నులు. 2019లో 46 కోట్ల టన్నులు. అందులో వాడి పారేసిన దానిలో మళ్ళీ పనికొచ్చే సరుకుగా మారేది నూటికి తొమ్మిది వంతులే. ఇంత ఎందుకు పెరిగింది? చవక కాబట్టి. కొట్లో సంచి ఉచితం. కానీ అమెరికాలో వైద్యులు లెక్క కట్టారు. ప్లాస్టిక్కులో కలిపే కొన్ని రకాల రసాయనాల వల్ల వచ్చే జబ్బుల భారం ఆ దేశానికి 2018 ఒక్క ఏడాదిలో 24,900 కోట్ల డాలర్లు అని. 2025 ఆగస్టులో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం ప్రపంచం మొత్తం మీద ప్లాస్టిక్కు వల్ల ఆరోగ్య సంబంధమైన నష్టం ఏడాదికి 1.5 లక్షల కోట్ల డాలర్లు దాటుతుంది. ఉచితంగా వచ్చిన సంచి ధర అదీ.

మన దేశంలో ఆ ధర ఎవరు కడుతున్నారు? ప్రభుత్వ లెక్కల ప్రకారమే 2013-14లో దేశంలో ఆరోగ్యం మీద అయిన మొత్తం ఖర్చులో నూటికి 64 రూపాయలు జనం తమ జేబులోంచి పెట్టుకున్నారు. 2021-22 నాటికి అది 39 రూపాయలకి తగ్గింది. మంచిదే. అయినా నూటికి 39 అంటే తక్కువ కాదు. పుస్తెలు తాకట్టు పెట్టే ఖర్చు అది. మా మనవడి 21,400 అందులోదే.

మనకేం, ఇ.సి.హెచ్.ఎస్. ఉంది అంటారు కొందరు. ఉంది, 2003 ఏప్రిల్ 1 నుంచి మనకది పెద్ద అండ. నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను. కానీ మన చేతికి బిల్లు రాకపోతే ఖర్చు లేనట్టా? ఇదీ ఆ గుంటలో మంట లాంటి ఆలోచనే. కనబడకపోతే లేనట్టే అనుకోవడం. మన మందులకి, ఆపరేషన్లకి పోయే ప్రతి రూపాయి రక్షణ శాఖ బడ్జెట్లోంచే వస్తుంది. కొండ మీద నిలబడ్డ జవాను బూట్లు, జాకెట్టు కూడా అక్కడినుంచే రావాలి. నేను నా వీధిలో చెత్త కాల్చి, నా ఆయాసానికి నెలనెలా ఇన్‌హేలర్ తెచ్చుకుంటే, ఆ ఖర్చులో ఒక వాటా సర్వీసులో ఉన్న నా తమ్ముడి మీద పడుతుంది.

మరి మనవల్ల ఏమవుతుంది? అవుతుంది అని చెప్పడానికి మన దగ్గరే రుజువులున్నాయి. సియాచిన్‌లో ఒక కిలో సరుకు పైకి ఎక్కించడం ఎంత కష్టమో అక్కడ చేసినవాళ్ళకి తెలుసు. దించడం కూడా అంతే కష్టం. అయినా 2018 జనవరి నుంచి మొదలుపెట్టి 2019 నాటికి దాదాపు 130 టన్నుల చెత్త మన సైన్యం కిందికి దింపింది. ఆ మంచు కరిగి నుబ్రా నదిలోకి, అక్కడినుంచి శ్యోక్‌లోకి, సింధులోకి పోతుంది. ఆ నీళ్ళు తాగేవాళ్ళకి ఆ జవాన్ల పేరు తెలియదు, కానీ మేలు చేరుతుంది. సియాచిన్‌లో చెయ్యగలిగింది మా గల్లీలో చెయ్యలేకపోవడానికి నాకు ఏ సాకు దొరకలేదు.

సిక్కింలో పనిచేసినవాళ్ళు చూసే ఉంటారు. 1998లోనే ప్లాస్టిక్ సంచులు నిషేధించారు, 2022 జనవరి నుంచి నీళ్ళ సీసాలు కూడా ఆపేశారు. చిన్న రాష్ట్రం, పెద్ద పని. మన తిరుమల కొండ మీద చూడండి. 2021 ఆగస్టులో మన డి.ఆర్.డి.ఓ. హైదరాబాదు లేబొరేటరీలో తయారైన మొక్కజొన్న పిండి సంచుల్ని లడ్డూ ప్రసాదానికి అమ్మకానికి పెట్టారు. అప్పటి డి.ఆర్.డి.ఓ. ఛైర్మన్ సతీష్ రెడ్డి గారు మన తెలుగువారే, స్వయంగా ప్రారంభించారు. క్షిపణులు తయారుచేసే చోట సంచి కూడా తయారైంది. అంటే సంచి కూడా దేశరక్షణే అని వాళ్ళకి తెలిసింది.

చట్టం కూడా ఉంది. 2016 డిసెంబరులోనే గ్రీన్ ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చడాన్ని దేశమంతా నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయల జరిమానా. ఆ లెక్కన నేను కట్టాల్సింది నా పెన్షన్‌కి మించిపోతుంది. 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలు, థర్మోకోల్ అలంకరణ సామాన్లు నిషేధం. ఆ జాబితాలో ఇంకోటి ఉంది, మనం ముఖ్యంగా వినాల్సింది. ప్లాస్టిక్ జెండాలు. ఆగస్టు 15న పిల్లల చేతుల్లో ఊపించి, 16న మురికికాలవలో కనబడే జెండా. దానికోసం ప్రాణాలిచ్చినవాళ్ళని ఈ సభలో తలుచుకునే మనం, అది కాలవలో పడి ఉంటే ఎలా దాటిపోగలం?

ఆఖరుగా నేను చేస్తున్న పనులు, మీరూ చెయ్యగలిగినవి చెప్తాను. పెద్దవేమీ కాదు.

ఒకటి, అగ్గిపుల్ల వద్దు. ఆకుల్ని గొయ్యిలో వేసి మట్టి కప్పితే ఎరువవుతుంది. మా గల్లీలో ఇప్పుడు అలాంటి గోతులు రెండున్నాయి.

రెండు, తడి చెత్త, పొడి చెత్త వేరుగా ఉంచడం. పొడి ప్లాస్టిక్కు కడిగి ఒక గోనె సంచిలో వేస్తాను. పాల ప్యాకెట్లు, సీసాలు కబాడీవాడు కొంటాడు. అతనికి పనికిరాని చిప్స్ కవర్లు మూట కట్టి మున్సిపల్ బండికి ఇస్తాం. బండి రాకపోతే మూట ఆగుతుంది, మంట మాత్రం పెట్టం. పదిమందిమి సంతకాలు పెట్టి అర్జీ ఇస్తే బండి ఇప్పుడు వారానికి నాలుగుసార్లు వస్తోంది.

మూడు, వేడిది ఏదీ ప్లాస్టిక్కులో వద్దు. పార్సిల్‌కి పోతే స్టీలు క్యారేజీ. టీకి సొంత మగ్గు. ఇది ఆర్మీవాళ్ళకి కొత్త కాదు, పాత అలవాటుకి తిరిగి రావడమే.

నాలుగు, వారానికి ఒకరోజు ఇంటి చుట్టూ తిరిగి నీళ్ళు నిలిచిన కప్పు, డబ్బా, టైరు బోర్లించడం. ఏరియా సఫాయి అనుకోండి, అరగంట పని.

అయిదు, ఇది సంఘానికి నా విన్నపం. వచ్చే ఏడాది ఈ సభకి గుమ్మం దగ్గర ఫ్లెక్సీ బదులు గుడ్డ బ్యానర్ కట్టిద్దాం. బడా ఖానాలో విస్తరాకులు గానీ, స్టీలు పళ్ళాలు గానీ వాడదాం. ఈ బల్ల మీద నా ముందు పెట్టిన సీసా బదులు ఒక గ్లాసు నీళ్ళు పెట్టండి, చాలు. పళ్ళాలు తోమడానికి ఫటీగ్ పార్టీ కావాలంటే మొదటి పేరు నాది రాసుకోండి.

ముగించే ముందు ఒక్క మాట. నేను క్వార్టర్ మాస్టర్ జె.సి.ఓ.గా ఉన్నప్పుడు మా యూనిట్లో ఒక సఫాయివాలా ఉండేవాడు. నేను ఆర్డర్ ఇస్తే, లైన్ల వెనక గుంటలో కిరోసిన్ పోసి, రేపర్లు, సీసాలు అంటించి, అన్నీ కాలేదాకా కర్రతో కదుపుతూ ఆ పొగలోనే కూర్చునేవాడు. ఎప్పుడూ దగ్గుతూ ఉండేవాడు. "బీడీలు మానెయ్" అని నేను తిట్టేవాణ్ణి. "నేను బీడీ తాగను సాబ్" అని ఒకసారి అన్నాడు. నేను నమ్మలేదు. మా మనవడు నర్సింగ్ హోమ్‌లో ఉన్న రెండో రాత్రి, ఆ ఆక్సిజన్ చప్పుడు వింటూ కూర్చుంటే, పదిహేనేళ్ళ కిందటి ఆ మాట గుర్తొచ్చింది. ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఆరోజు నేను ఇచ్చిన ఆర్డర్ని వెనక్కి తీసుకోలేను. మీ ముందు ఒప్పుకోగలను, అంతే.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి అందుకే చెప్తున్నాను. మీ చేతికింద మనుషులున్నారు. ఇన్‌స్పెక్షన్‌కి ఏరియా సాఫ్‌గా ఉందా అని మాత్రమే చూడకండి. ఆ చెత్త ఎక్కడికి పోయింది, ఎవరి ఊపిరిలోకి పోయింది అని కూడా ఒకసారి అడగండి. మా రోజుల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మనవడికి ఇప్పుడు బాగానే ఉంది. సెలవులకి వచ్చినప్పుడు పొద్దున్నే నాతోపాటు చిన్న చీపురు పట్టుకుని వస్తాడు. కుప్ప చేశాక "తాతా, ఇది పచ్చ బుట్టలోకా, నీలం బుట్టలోకా?" అని అడుగుతాడు. వాడి ప్రశ్నకి జవాబు చెప్పగలుగుతున్నాను. నాకది చాలు.



జైహింద్.